టైలరు మావయ్య ఒప్పూ తప్పూ

టైలరు మావయ్య కత్తెర పట్టాడంటే గుడ్డ మారుమాట్లాడేది కాదు. అలాంటి మనిషికి జ్వరం మెదడుకెక్కి, దిగేటప్పుడు జ్ఞాపకాన్ని వెంటబెట్టుకుపోయింది. పాతవన్నీ గుర్తే, కొత్తది ఏదీ పూట నిలవదు. కోడలేమో ఆ జ్వరం తర్వాతే ఇంట్లో అడుగుపెట్టింది. చిక్కంతా అక్కడే వచ్చింది. మూడేళ్లుగా అన్నం పెడుతున్నా, గోళ్లు తీస్తున్నా, తెల్లారితే "ఎవరమ్మా నువ్వు?" అంటాడు.

"రేపు వృద్ధాశ్రమంలో చేర్చేద్దాం. ఎవరు చూసినా ఆయనకి ఒకటేగా," అన్నాడు ఆమె మొగుడు. చెడ్డవాడు కాదు పాపం, విసిగిపోయాడు. ఆమె మావయ్య బట్టలు మడతపెట్టి సంచీలో సర్దింది.

ఆ రోజే ఆసుపత్రిలో ఆఖరి పరీక్ష. డాక్టరమ్మ అర్థంలేని మాటలు కొన్ని పుట్టించి, ఏ అక్షరం పక్కన ఏది రావచ్చో తనే ఓ వ్యాకరణం పెట్టింది. ముందురోజు ఆ మాటలు అట్టల మీద రాసి ఆయనకు చూపించింది. నియమం మాత్రం చెప్పలేదు.

నిన్నటి అట్టలు గుర్తున్నాయా అని అడిగితే, "నేనెప్పుడు చూశానండీ? మిమ్మల్నే ఇప్పుడు చూస్తున్నా," అన్నాడు మావయ్య. కోడలి ప్రాణం ఉసూరుమంది.

డాక్టరమ్మ కొత్త మాటలున్న అట్టలు తీసింది. కొన్ని నియమం ప్రకారం ఉన్నవి, కొన్ని తప్పినవి. "ఏది ఒప్పో ఏది తప్పో, తోచింది చెప్పండి చాలు."

"ఇది బాగుంది. ఇది వంకరపోయింది. ఇదీ అంతే, విప్పి మళ్లీ కుట్టాలి."

చాలావరకు సరిగ్గానే చెప్పాడు.

"ఎలా తెలిసిందండీ?"

"ఏమో. చూస్తే తెలియట్లా?"

"నేర్చుకున్నారు. ఆ సంగతి ఆయనకే తెలియదు," అంది డాక్టరమ్మ. మరి నేనూ అలాగే తెలుసా, అని అడగబోయి కోడలు నోరు నొక్కుకుంది. లేదని జవాబొస్తే తట్టుకోలేదు.

"పిచ్చిమాటలు తెలిసి ఏం లాభం? మనిషి తెలియాలి గానీ," అన్నాడు మొగుడు దారిలో.

మర్నాడు ఆశ్రమం గేటు దగ్గర ఆయా వచ్చి మెల్లగా చెయ్యి పట్టుకుంది. మావయ్య విదిలించుకున్నాడు. "నాన్నా, పదండి," అన్నాడు కొడుకు. ఆయన కొడుకునీ తప్పించుకుని, అల్లంత దూరంలో బిక్కచచ్చి నిలబడ్డ కోడలి వెనక్కి చేరి, ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మావాడు నన్నిక్కడ వదిలేసేలా ఉన్నాడు. కాస్త ఇంటికి తీసుకెళ్లవూ?"

కొడుకు ఆ మాట విన్నాడు. కింద పెట్టిన సంచీ మళ్లీ భుజాన వేసుకుని, రోడ్డు మీదికి వెళ్లి బండి పిలిచాడు.