చెరువు నీళ్ళలో దొరికిన క్యాట్‌ఫిష్ జాడ

అది 2009. ఒక మత్స్య పరిశోధన ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా ఉన్నాను. వల వెయ్యకుండా, నీళ్ళను పరీక్షించి అందులో ఏ చేపలున్నాయో చెప్పే పద్ధతి అప్పుడప్పుడే మా దాకా వచ్చింది. చేప ఒంటి జిగురు, విసర్జన నీళ్ళలో కలుస్తూనే ఉంటాయి. వాటిలో దాని డీఎన్ఏ ఉంటుంది. నీళ్ళను సన్నటి ఫిల్టర్‌లో వడగట్టి, అందులో చిక్కిన డీఎన్ఏని పీసీఆర్ యంత్రంలో లెక్కలేనన్ని నకళ్ళుగా పెంచి, ఏ చేపదో పోలుస్తాం.

కొత్తపేట దగ్గర ఒక ఊరి చెరువును పరీక్షించమని నన్ను పంపారు. దాన్ని కొన్ని మత్స్యకార కుటుంబాలు లీజుకు తీసుకున్నాయి. వాళ్ళకు పెద్దదిక్కు నాగమణమ్మ గారు, యాభై దాటిన మనిషి. కాలువ నీళ్ళు చెరువులోకి వచ్చే తూము దగ్గర మెట్లుంటే, దిగడం సులువని అక్కడే మూడు సీసాలు ముంచుకున్నాను.

ఫలితం చూసి నీరుగారిపోయాను. కొరమీను, పరిగె, బొమ్మిడాయిలతో పాటు ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ కనిపించింది. మిగతా చేపల్ని మింగేస్తుందని, పెంచకూడదని ప్రభుత్వం నిషేధించిన చేప అది. నివేదిక వెళితే చెరువు ఎండగట్టి బ్లీచింగ్ చల్లమంటారని మా ఆఫీసరుగారు అన్నారు. అదే జరిగితే ఆ ఏడాదికి ఆ కుటుంబాలకు బతుకుతెరువు ఉండదు.

ఆ మాట నేనే చెప్పాలనిపించి ఊరికి వెళ్ళాను. నాగమణమ్మ గారు అంతా విని, నీళ్ళు ఏ రోజు పట్టుకెళ్ళానో అడిగారు. మంగళవారం అన్నాను.

"మంగళవారం సంతండి. చేపల బజారు కడిగిన నీళ్ళు కాలవలోకే వదిలేత్తారు. ఆ చేపని అక్కడ ముక్కలు కోసి అమ్ముతున్నారండి. నా కళ్ళతో చూసేను."

ఆ చేప చెరువులో ఈదుతోందో, ఎక్కడో కత్తిపీట మీద తెగిందో డీఎన్ఏ చెప్పదు. ఆ సంగతి నేను చదువుకున్నదే. కాలువకు ఎగువన ఏముందో మాత్రం చూసుకోలేదు.

తప్పు నాదేనని ఆఫీసరుగారితో ఒప్పుకున్నాను. ఆయన కోప్పడ్డారు గానీ మళ్ళీ పరీక్షించడానికి మూడు వారాలు గడువిచ్చారు. తూము మూయించగలరా అని అడిగితే నాగమణమ్మ గారు "ఆయ్, రేపే మూయించేత్తానండి" అన్నారు. కొట్టుకొచ్చిన డీఎన్ఏ నీళ్ళలో నశించేదాకా ఆగాం. తర్వాత దోనె మీద తిరిగి ఆరు చోట్ల నీళ్ళు పట్టాను. సంత రోజున బజారుకు దిగువన కాలువలో ఒక సీసా నింపాను. నా చేతుల నుంచి ఏదీ అంటలేదని తేల్చుకోవడానికి శుద్ధమైన నీటి సీసా ఒకటి వాటితోపాటే వడగట్టాను. మేము దాన్ని బ్లాంక్ అంటాం. మత్స్యకారులు చెరువంతా వల లాగారు. ఆ చేప పడలేదు.

బ్లాంక్‌లో ఏ చేప డీఎన్ఏ లేదు. కాలువ సీసాలో ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ది ఉంది. చెరువు సీసాల్లో ఒక్కదానిలోనూ లేదు. పైగా, అరుదైపోయిన మన నాటు క్యాట్‌ఫిష్, మార్పు అనే చేప ఆనవాలు రెండు చోట్ల దొరికింది.

చెరువు జోలికి ఎవరూ రారని వెంటనే ఫోన్ చేసి చెప్పాను. అది విని నాగమణమ్మ గారు మెల్లగా అడిగారు: "పొద్దుటినుంచీ ఏమన్నా తిన్నారా బాబుగారండి?"

యంత్రం తప్పు చెప్పలేదు. నేను అడగాల్సినవాళ్ళని అడగలేదు. ఆ తర్వాత ఏ ఊరు వెళ్ళినా, సీసా మూత తీసేముందు గట్టు మీద ఉన్నవాళ్ళతో కూర్చుని, ఈ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కనుక్కునేవాణ్ణి.