సుచిన్ కన్ను, హద్దు ప్యానెల్

తైనాన్ నగరంలోని ఆ టీవీ తెరల ఫ్యాక్టరీలో లియావ్ సుచిన్ కంటికి ఇరవై రెండేళ్ళుగా తిరుగులేదు. చీకటిగదిలో బూడిదరంగుతో వెలిగే ప్యానెల్‌ను నల్లద్దంలోంచి ఒక్కసారి చూసిందంటే, ఏ మూల మసక మచ్చ ఉందో చెప్పేసేది. అసలు మచ్చే లేని ప్యానెల్ లోకంలో ఎక్కడుంది? ఎంత మచ్చ వరకు చెల్లుతుందో తేల్చడానికి ఒక ప్యానెల్ దాచి ఉంచారు. అందరూ దాన్ని 'హద్దు' అనేవారు. కొనే కంపెనీవాళ్ళూ వీళ్ళూ వెనకవైపు సంతకాలు చేసి, చెరొకటి ఉంచుకున్న జతలో ఒకటది. మచ్చ దానికన్నా ముదురైతే చెత్తలోకి, లేతైతే పెట్టెలోకి.

వేసవిలో పెట్టెలెక్కిన సరుకు తిరిగి రావడం మొదలైంది. మచ్చలు ముదురుగా ఉన్నాయట. సెక్షన్ పెద్ద కో సారు సుచిన్‌ను పిలిచి, కళ్ళు చూపించుకో అక్కా, తప్పెక్కడుందో తేలకపోతే ప్యాకింగ్‌లోకి మారక తప్పదు అన్నాడు. డాక్టరేమో కళ్ళు దివ్యంగా ఉన్నాయన్నాడు. మరి తప్పెవరిది? అనుమానం పెనుభూతమంటారు. ఆ భూతం తిన్నగా పోయి పెయ్‌శాన్ నెత్తిన కూర్చుంది.

పెయ్‌శాన్ పనిలో చేరి ఏడాది కాలేదు. మధ్యాహ్నం తిండి కాగానే దీపాలార్పి, అందరూ బల్లల మీద తలలు వాల్చి అరగంట కునుకు తీస్తారు. సుచిన్ ఓ రోజు ఓరకంట చూస్తే, ఆ పిల్ల పిల్లిలా లేచి చీకటిగదిలోకి పోయింది. మర్నాడూ అంతే. వెనకే వెళ్ళి తలుపు సందులోంచి తొంగి చూస్తే, చేతిలో హద్దు! నా కుర్చీకి ఎసరు పెడుతోందన్నమాట అని సుచిన్ పళ్ళు నూరింది. హద్దును దాచేసి ముదురు మచ్చది పెడితే, దాని పక్కన ఏదైనా లేతగానే కనబడుతుంది కదా. పిల్లను అడిగితే పోయేది. అడగలేదు. సరాసరి కో సారుకు చెప్పేసింది.

కో సారు కొనేవాళ్ళ దగ్గరున్న జత ప్యానెల్‌ను తెప్పించాడు. మార్పిడి తేలితే పెయ్‌శాన్ ఉద్యోగం ఊడినట్టే. ముగ్గురూ చీకటిగదిలో నిలబడ్డారు. వెనకవైపు సంతకాలూ తేదీలూ సరిగ్గా సరిపోయాయి. ఎవరూ ఏదీ మార్చలేదు. ముందువైపు మాత్రం వీళ్ళ హద్దు మీది మచ్చ రెండింతలు ముదిరి ఉంది.

"ఇది వేడికి ముదిరింది," అన్నాడు కో సారు. "రెండు నిమిషాలు చూసి, ఆర్పి, దాన్ని దాచే సంచిలో పెట్టాలి కదా. గంటల తరబడి వెలిగించి వదిలేసిందెవరు?"

మాటిమాటికీ తీసి పెట్టడం విసుగని, పొద్దున్న వెలిగించి సాయంత్రం దాకా ఆర్పనిది సుచినే. ఏళ్ళ తరబడి అలవాటది.

"మధ్యాహ్నం దాన్నేం చేస్తుంటావే నువ్వు?" అని పెయ్‌శాన్‌ను అడిగింది.

"ఆర్పి, సంచిలో పెడతానక్కా. మీరు లేచేలోపు మళ్ళీ వెలిగిస్తాను. పెద్దవారు, మీకు నేనెలా చెప్పను? సారుకు తెలిస్తే మీకు మాటొస్తుందని."

సుచిన్‌కు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. వదిలేసింది నేనే సారూ అని, నల్లద్దాన్ని పెయ్‌శాన్ చేతిలో పెట్టి, ప్యాకింగ్ గదికి వెళ్ళిపోయింది.