ముప్పై ఒక్క నిలువు గీతలు

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో తప్పు నాది. గ్రేస్ ఒప్పుకోదు. "సంతకం నాదండీ" అంటుంది. ఆ పిల్ల మొండితనం సంగతి మీకే తెలుస్తుంది.

నా పేరు రాధాకృష్ణమూర్తి. బందరులో ముప్పై నాలుగేళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఊరికే కూర్చోవడం చేతకాక, బిజినెస్ స్కూళ్లకి దరఖాస్తు పెట్టుకునే పిల్లల వ్యాసాలు దిద్దుతున్నాను. మీ గురించి చెప్పండి, అని ఆ స్కూళ్లు అడుగుతాయి. అడగడమే ఆలస్యం, మావాళ్లు ఉప్పెన ఎత్తుకుంటారు. ఆ ఉప్పెన వచ్చిన డెబ్బై ఏడులో వాడి తండ్రికే ఇంకా నడక రాలేదు, వీడేమో ఉప్పెన నాకు నాయకత్వం నేర్పింది అని రాస్తాడు. ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టి, "నీ కథ తీసుకురా నాయనా" అని పంపేస్తాను. అబద్ధం అంటే నాకు ఒళ్లు మంట. అలాగని అనుకుంటూ ఉండేవాణ్ణి.

గ్రేస్ నా దగ్గరికి వచ్చేసరికి ఆమెకి ఇరవై ఏడేళ్లు. వాళ్లది పాలకాయతిప్ప దగ్గర చిన్న పల్లె. నాన్న ఏసుబాబు బీచ్‌కి వెళ్లే దారిలో టీ బడ్డీ నడుపుతాడు, ఆదివారాలు చర్చిలో డోలక్ వాయిస్తాడు. గ్రేస్ బందరు హాస్టల్లో ఉండి డిగ్రీ చదివి, బంటుమిల్లి దగ్గర ఒక రొయ్యల షెడ్డులో సూపర్‌వైజరుగా చేరింది. నలభై మంది ఆడవాళ్లు ఐసులో చేతులు పెట్టి రొయ్యల తలలు తీస్తుంటే, గడియారం చూసుకుంటూ వాళ్ల వెనకాల తిరగడం ఆమె ఉద్యోగం. ఆరేళ్లుగా తిరుగుతోంది.

"ఎంబీఏ ఎందుకమ్మాయ్ నీకు?" అని అడిగాను.

"ఒక షెడ్డు ఎలా నడపాలో నాకు తెలుసండీ. కానీ ఆ కాగితం లేకపోతే నా చేతికి ఎవరిస్తారు?" అంది.

ఆ జవాబుకే నేను సగం పడిపోయాను. మిగతా సగం ఆమె వ్యాసం చదివాక.

షెడ్డులో ఉన్న ఒక్క బాత్రూముకీ తలుపు ఊడిపోయి నాలుగు నెలలైంది. అడిగినప్పుడల్లా వచ్చే నెల అంటున్నారు. ఒకరోజు పొద్దున్నే ఆడవాళ్లు పనిలోకి వెళ్లకుండా గేటు ముందు బైఠాయించారు. లోపల లారీలో ఐసు కరిగిపోతోంది. మధ్యాహ్నానికి వడ్రంగి వచ్చాడు, సాయంత్రానికి తలుపు వచ్చింది. ఇదీ కథ. రెండు పేజీల తేటయిన ఇంగ్లీషు. కానీ ఎక్కడ చూసినా మేము. మేము అడిగాం, మేము కూర్చున్నాం, మేము గెలిచాం.

"ఈ మేము ఎవరు? సీటు నలభై మందికీ ఇస్తారా?" అని విసుక్కుని పెన్ను తీశాను. ఒక్కొక్క మేము కొట్టేసి పైన నేను అని రాసుకుంటూ పోయాను. ముప్పై ఒకటి లెక్క తేలాయి. చివరికొచ్చేసరికి నాకూ ఊపొచ్చింది. నలభై మందిని కూడగట్టి ముందు నిలబడి నడిపించాను, అని ఒక వాక్యం సొంతంగా చేర్చాను.

గ్రేస్ ఆ వాక్యం వైపు చాలాసేపు చూసింది.

"మాస్టారూ, ఇది మరీ ఎక్కువేమోనండీ."

"ఎక్కువ కాదమ్మాయ్. ఇంగ్లీషు అంతే."

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. నేను ఇంకేమీ అడగలేదు. అడగాల్సింది.

సీటు వచ్చింది. ఏసుబాబు డజను కొబ్బరిబోండాలు గోనెసంచిలో మోసుకొచ్చి మా గుమ్మంలో దించాడు. ఆ బోండాలు అయిపోకముందే స్కూలు నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. వ్యాసంలో రాసిన సంగతులు సరిచూస్తారట. అందులో పేరున్న సునీత అనే కార్మికురాలికి శనివారం పదకొండింటికి ఫోన్ చేస్తారట. రాసినదానికీ ఆమె చెప్పేదానికీ తేడా ఉంటే సీటు రద్దు.

"మనం ఏం రాశామో సునీతకి చెప్పావా?" అన్నాను.

"లేదండీ." ఆ గొంతు నాకు నచ్చలేదు. నేనూ వస్తానన్నాను.

శనివారం పొద్దున్న పెడన మీదుగా బంటుమిల్లి వెళ్లే బస్సెక్కాం. గ్రేస్ టిక్కెట్టుని మడిచి, విప్పి, మళ్లీ మడిచి పీలికలు చేసింది. "సునీతక్క అబద్ధం ఆడదండీ" అంది ఉన్నట్టుండి. "చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు కూడా అంతే. జ్వరం మూడు రోజులొస్తే మూడు రోజులే అంటుంది. పాస్టరుగారు వారం అంటే లేచి దిద్దుతుంది."

మామూలుగా అయితే అలాంటి మనిషిని నేను మెచ్చుకునేవాణ్ణి. ఆ పొద్దున్న మాత్రం, ఒక్క రోజుకి ఆవిడ కాస్త అబద్ధాలమనిషి అయితే బాగుండునని కోరుకున్నాను.

సునీత ఇల్లు అక్కడి చర్చి పక్క వీధిలో. నలభై దాటిన మనిషి. వేళ్లు ఐసుకి తెల్లగా నాని, కొసలు పగిలి ఉన్నాయి. నాకు కుర్చీ వేసి, ఫోన్ బల్ల మీద పెట్టి, మా ఎదురుగా కూర్చుంది. అప్పటికి పదిన్నర.

"ఏం చెప్పాలో చెప్పు గ్రేసమ్మా, చెప్పేస్తాను. ముందు నువ్వేం రాశావో చదువు, వింటాను."

గ్రేస్ కాగితం తీసింది. ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. "నాలుగు నెలలు మేము అడిగాం. ఆ రోజు మేము పనిలోకి వెళ్లలేదు. మేము గేటు ముందు కూర్చున్నాం." నా దగ్గరున్న కాపీలో వేలు పెట్టి చూసుకుంటున్నాను. కాగితం మీద నేను అని ఉన్న ప్రతిచోటా ఆమె నోట మేము వస్తోంది. సునీత ముఖం చూస్తూ నేను అనే మాట ఆమెకి రావడం లేదు. నేను చేర్చిన వాక్యం దగ్గర ఆగింది. దాన్ని దాటేసి కిందికి వెళ్లిపోయింది. నేను దగ్గాను. నా వైపు చూడలేదు.

"ఏదీ, ఇలా ఇవ్వు" అని సునీత కాగితం అందుకుంది. ఆవిడకి తెలుగు బైబిలు చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. ఫొటో చూసినట్టు కాసేపు చూసి, ఒకచోట వేలు పెట్టింది. అక్కణ్ణుంచి ఇంకోచోటికి, ఇంకోచోటికి.

"ఈ నిలువు గీత ఏంటమ్మా? కర్ర పాతినట్టు పేజీ నిండా ఇదే ఉంది?"

పదకొండుకి ఇంకా పది నిమిషాలుంది.

"అది... ఇంగ్లీషులో నేను అని అక్కా."

"నేనంటే?"

"నేనంటే నేనే. గ్రేసు."

సునీతకి నవ్వొచ్చింది. "ఇన్నా!" అంది. తర్వాత నవ్వు ఆపేసింది. "మరి చదివినప్పుడు మేము అన్నావే?"

గ్రేస్ తల వంచుకుంది.

"మేము అన్నా తప్పే కదమ్మా. మేం గేటు బయట కూర్చుంటే నువ్వు లోపలున్నావు, మేనేజరు పక్కన. గంటన్నర."

ఈ మాట నేను వినడం అదే మొదటిసారి. ఆ పిల్ల సిగ్గుతో మేము అన్న మాట చాటున నిలబడితే, నేను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి అందరికంటే ముందు నిలబెట్టాను. ఒక్క ప్రశ్న అడగకుండా.

"ఉద్యోగం పోతుందని భయమేసిందక్కా" అంది గ్రేస్.

"నాకు తెలీదా? తర్వాత వచ్చావుగా. నా పక్కనే కూర్చున్నావు, నీ చెయ్యి నేను పట్టుకున్నాను. సూపర్‌వైజరే బయటికొచ్చేసిందని అప్పుడే మేనేజరు వడ్రంగికి ఫోన్ చేశాడు. అది రాయొచ్చుగా?"

ఫోన్ మోగింది.

సునీత స్పీకర్ పెట్టింది. అవతల ఎవరో కుర్రాడు, మర్యాదగా తెలుగులో మాట్లాడుతున్నాడు. పేరు అడిగాడు, ఊరు అడిగాడు, షెడ్డు పేరు అడిగాడు. తర్వాత, "అమ్మా, ఆ రోజు నలభై మందిని కూడగట్టి ముందు నిలబడి నడిపించింది గ్రేస్ గారేనా అండీ?" అన్నాడు.

సునీత గ్రేస్ వైపు చూసింది. జ్వరం మూడు రోజులంటే మూడు రోజులే అనే మనిషి. పగిలిన వేళ్లు ఒళ్లో బిగించుకుని, ఊపిరి పీల్చుకుని, "అవునండీ, ఆ అమ్మాయే..." అంది.

"లేదు" అని గ్రేస్ ఫోన్ లాక్కుంది. "నేను గ్రేస్‌నండీ. ఈవిడ నా కోసం అబద్ధం చెబుతున్నారు."

"మేడం, మీరు పక్కన ఉండకూడదు."

"తెలుసండీ. ఇది కూడా రాసుకోండి. అందరినీ కూడగట్టింది, ముందు కూర్చుంది సునీత గారు. గంటన్నర దాకా నేను గేటు లోపలే ఉన్నాను."

వద్దు వద్దని నేను రెండు చేతులూ ఊపుతున్నాను. ఈ సంగతి దాచాలనే ఉంది, కానీ దాచను. అబద్ధమంటే ఒళ్లు మంట అనే పెద్దమనిషి ఆ క్షణాన చేసిన పని అది.

"మేడం, ఇలాగే రాయమంటారా?" అన్నాడతను. అతని గొంతులో జాలి ఉంది.

"రాయండి."

ఫోన్ పెట్టేశాక సునీతే ముందు అరిచింది. "నేను చెప్పేస్తున్నాను కదే పిచ్చిమొహమా! నీకెందుకు మధ్యలో?"

"నువ్వు చెప్పకూడదక్కా" అని గ్రేస్ భోరుమంది. సునీత లేచి వెళ్లి ఆమె తల తన పొట్టకి ఆనించుకుంది. నేను కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. నా కాపీని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాను.

పది రోజుల్లో సీటు రద్దయింది. తప్పంతా నాదేనని స్కూలుకి మూడు పేజీల ఉత్తరం రాశాను. గ్రేస్ వచ్చి చదివి, నా ముందే చించేసింది. "సంతకం నాదండీ" అంది. ఏసుబాబు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఏడాది తిరిగాక గ్రేస్ ఒకటే పేజీ పట్టుకొచ్చింది. మొదటి వాక్యం, 'గేటు బయట నలభై మంది కూర్చున్నప్పుడు నేను లోపల ఉన్నాను.' ఆ తర్వాత సునీత పేరు, నలభై మంది ఏం చేశారో, ఆ గంటన్నర తనేం చూసిందో, ఎందుకు బయటికి వచ్చిందో. పెన్ను పట్టుకుని రెండుసార్లు చదివాను. ఒక కామా మార్చాను.

ఇంకో స్కూలుకి అది పంపే ముందు మళ్లీ బంటుమిల్లి వెళ్లాం. ఈసారి గ్రేస్ కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివింది. సునీత విని, కాగితం అడిగి తీసుకుని, వేలితో వరస వరసా వెతుక్కుంటూ కిందిదాకా వెళ్లింది.

"ఈసారి కర్రలు బాగా తగ్గాయే" అంది.

"తొమ్మిదే అక్కా" అంది గ్రేస్. "తొమ్మిదీ నావే."