ఇంగ్లిష్‌లో అయితే మర్యాద

ఊరికి అవతలి కొసన సాఫ్ట్‌వేర్ కంపెనీలు అద్దాల మేడలు లేపుతున్న రోజుల్లో నేను ఎం.ఫిల్. చేస్తున్నాను. పెళ్లికి ముందు ఆడవాళ్లకు లైంగిక విషయాలు ఎవరు చెబుతారు, ఏం చెబుతారు, అసలు చెబుతారా అన్నది నా పరిశోధన. కొత్తవాళ్లతో మాట్లాడాలంటేనే నాకు గొంతు పెగలదు. ఇలాంటి ప్రశ్నలు ఎదురుగా కూర్చుని ఎలా అడగను? అందుకే డిపార్ట్‌మెంట్ కంప్యూటర్‌లో ఒక వెబ్ పేజీ పెట్టి, తెలిసిన ఆడవాళ్లందరికీ దాని చిరునామా ఇచ్చాను. జవాబులో పేరు రాయక్కర్లేదు, తెలుగునే ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేస్తే చాలు. తెలుగు అక్షరాలు అన్ని కంప్యూటర్లలో కనపడవని ప్రశ్నలను చేత్తో రాసి, స్కాన్ చేసి, బొమ్మలుగా పెట్టాను.

జవాబులు వచ్చాయి. ముందుగా ఎవరూ ఏమీ చెప్పక, పెళ్లయిన కొత్తలో తనకేదో జబ్బు చేసిందనుకున్నానని ఒకామె రాసింది. ఆ వాక్యం చదివాక ఆ పూట అన్నం తినలేకపోయాను.

మా గైడ్ మేడమ్ ప్రశ్నలు చూసి కళ్లద్దాలు తీసేశారు.

"ఇదేంటమ్మా, ఇంత పచ్చిగా! కమిటీ వాళ్లు చూస్తే?"

"మామూలు తెలుగే కదా మేడమ్."

"అదే మరి. ఇంగ్లిష్‌లో పెట్టు, డీసెంట్‌గా ఉంటుంది."

మా ఇళ్లలోనూ అంతే. మా అమ్మ డాక్టరమ్మ దగ్గర తన ఒంటి గురించి చెప్పాలంటే ఎక్కడో విన్న ఇంగ్లిష్ ముక్క వెతుక్కుంటుంది. అదే మాట తెలుగులో అంటే బూతు. నేనూ ప్రశ్నలను ఇంగ్లిష్‌లో టైపు చేసి పెట్టాను.

ఇంటర్నెట్‌లో అసభ్యమైనవి పెడితే జైలు అని చట్టం వచ్చాక మా యూనివర్సిటీ వాళ్లు భయపడి, బూతు మాటలున్న పేజీలను పట్టుకునే ఫిల్టర్ ప్రోగ్రామ్ ఒకటి కొన్నారు. దానికి తెలుగు రాదు. ఇంగ్లిష్ బాగా వచ్చు. మర్యాద కోసం మార్చిన ఆ మాటల దగ్గరే నా పేజీని పట్టేసింది.

ల్యాబ్ ఇన్‌ఛార్జి పిలిపించాడు.

"ఏందమ్మా గిది? పోలీసులొస్తే నన్ను గుంజుకపోతరు, నిన్ను కాదు."

"అది రీసెర్చ్ సార్."

"రీసెర్చైతే ఇడిచిపెడతరా? ఆడపిల్లవు, గిసుంటియి పెట్టే ముందు జెర సోచాయించాలె."

"మరి జవాబులు..."

"అన్నీ తీసేసిన. పరేషాన్ ఖతం."

ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఏ పోలీసూ రాలేదు. చట్టాన్ని పూర్తిగా చదవని ఒక మనిషి భయం సరిపోయింది. మారేడ్‌పల్లిలో మా వీధి చివర నెట్ సెంటర్‌లో పరదాల వెనక మగవాళ్లు ఏం చూస్తారో వీధి మొత్తానికీ తెలుసు. అక్కడ ఏ ఫిల్టరూ లేదు. ఆడవాళ్ల ఒళ్లు చూడటానికి అడ్డు లేని ఊళ్లో, ఆడవాళ్లు తమ ఒంటి గురించి రాసుకున్నది మాత్రం నేరమైంది. మేడమ్ నన్ను ఓదార్చారు కూడా. "ఆడవాళ్లూ, కంప్యూటర్ చదువూ అని టాపిక్ మార్చుకో అమ్మా, హాయిగా అయిపోతుంది."

ఆ సాయంత్రం డాబా మీదికి వెళ్లి నిలబడ్డాను. పై వాటాలో అద్దెకుండే అక్క బట్టలు ఆరేస్తోంది. ఆమె ఒక కంపెనీలో డేటా ఎంట్రీ చేసేది.

"ఏందే, మొఖం గట్ల పెట్టినవ్?"

చెప్పాను.

"మొత్తం తీసేసిండా?"

"మొత్తం."

తడి చీర చేతిలో అలాగే ఉండిపోయింది. నీళ్లు ఆమె కాళ్ల మీద కారుతున్నాయి.

"నేను రాసింది సుత?"

"నువ్వూ రాశావా అక్కా?"

"జబ్బు చేసిందనుకున్న అని రాసింది నేనేనే. మా అమ్మకు సుత చెప్పలే. ఆఫీసుల ఎవ్వరు లేంది చూసి, తుడుస్త, మళ్ల రాస్త, గట్ల రాసిన. వాడెవడే తీసెయ్యనీకి?"

అప్పటిదాకా నా కోపమంతా నా ఎం.ఫిల్. గురించే.

"మళ్లీ చెబుతావా అక్కా?"

"అడుగు. ఆ ఇంగ్లిష్ గింగ్లిష్ వద్దు."

చీరను దండెం మీద వెడల్పుగా పరిచింది. దాని వెనక ఇద్దరం కూర్చున్నాం. మొదటి ప్రశ్న తెలుగులోనే, పైకే అడిగాను.