పడవ ఎక్కని ఆదివారాలు

ఆదివారం తెల్లవారితే వెంకటరమణమ్మ పెద్ద గిన్నెడు బియ్యం కడిగేది. ఇప్పుడు గుప్పెడు కడుగుతోంది. పాత అలవాటుకొద్దీ చెయ్యి ఇంకా ఎక్కువే పోస్తుంది, మళ్లీ తీసి డబ్బాలో వేస్తుంది. మొగుడు అప్పన్న పోయి ఎనిమిది నెలలైంది.

అప్పన్నది సింగపూర్‌లోని సెంబవాంగ్ షిప్‌యార్డులో వెల్డింగు పని. తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు గానీ అప్పన్న పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. కంప్యూటరు ఉద్యోగాలకని మన పిల్లలు గుంపులుగా దిగడం మొదలయ్యాక ఆయనకి ఆదివారాలు కొత్త పని పట్టుకుంది. తెలుగు మాట చెవిన పడితే చాలు, ఆ పిల్లల్ని పోగుచేసి సింగపూర్ నది మీద పడవెక్కించి, ఊరంతా చూపించి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి తీసుకొచ్చేవాడు. పదిమంది, పన్నెండుమంది. "రమణమ్మా, పిల్లలు ఆకలితో సచ్చిపోతన్నారు" అని గుమ్మంలోంచే కేక. ఆమె వండి పెట్టేది. పడవ మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. అందరూ షికారు వెళ్తే అన్నం ఎవరు వండుతారు?

"ఈవేళ ఏం చూపించారు?" అని అందరూ వెళ్లాక అడిగేది.

"ఏటుంటాది, అవే నీళ్లు" అనేవాడు.

ఆయన పోయాక ఖాళీ గదిలోకి మహతి అనే పిల్ల అద్దెకి వచ్చింది. బెజవాడ పిల్ల. తీసుకొచ్చిన కంపెనీ మూడు నెలలు పనే చూపించకుండా కూర్చోబెట్టి, చివరికి మూతపడింది. ఇప్పుడు రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకు పిలిచింది. సోమవారం చేరాలి. ఇదీ తప్పిందంటే తిరుగు ప్రయాణమే.

ఇంటర్వ్యూకి ఆ పిల్ల బయల్దేరిన రోజున రమణమ్మ వంటగదిలోంచి బయటికి రాలేదు. మొగుడు పోయిన మనిషి మంచి పనికి వెళ్లేవాళ్లకి ఎదురు రాకూడదు. నిన్నమొన్నటి దాకా పెళ్లిచూపులకీ పరీక్షలకీ పక్క బ్లాకువాళ్లు కూడా ఆమెనే ఎదురు రమ్మని పిలిచేవాళ్లు. ఎనిమిది నెలల్లో అదే మొహం చెడ్డదైపోయింది.

శనివారం మహతి పట్టుబట్టింది. "ఆంటీ, రేపు నాకు ఆఫీసు దారి చూపించాలి. ట్రైనెక్కితే నాకు తూర్పేదో పడమరేదో తెలీదు. అటునుంచి అటే పడవెక్కుదాం."

"మంచి పని పెట్టుకుని నన్నెందుకమ్మా వెంటేసుకోవడం?"

"మంచి పని సోమవారం ఆంటీ. రేపు ఉత్త షికారు."

రమణమ్మ బీరువాలోంచి బయటికెళ్లే చీర తీసింది.

ఆదివారం పొద్దున్నే ఊరి ఆ చివర పాసిర్ రిస్ నుంచి అప్పన్న అక్క సత్యవాణి ఫోను. "ఏటే, ఏడాది తిరక్కుండా షికారా?"

"పిల్లకి దారి చూపిద్దామని, వదినా."

"సూపించు. రేపు మాత్రం ఆ పిల్ల లిఫ్టెక్కేదాకా లోపలే ఉండు. పరాయి పిల్ల పాపం మనకెందుకు?"

"అలాగే వదినా."

పడవలో టేపు ఏదో ఇంగ్లీషులో చెప్పుకుపోతోంది. ఒడ్డున పాత గిడ్డంగులు. రంగులేసి హోటళ్లు చేశారు. వాటి వెనక ఆకాశానికంటిన బ్యాంకుల మేడలు.

"మా బెజవాడలో మూడు కాలవలున్నాయి ఆంటీ. ముక్కు మూసుకుని వంతెన దాటడమే గానీ ఇలా చూడ్డానికెవరొస్తారు?"

"ఇదీ ఒకప్పుడు అంతే కంపమ్మా."

ఒకచోట ఒడ్డు మీంచి నీళ్లలోకి రాతిమెట్లు దిగాయి. మహతి వేలు చూపించింది. "ఇవే అయ్యుంటాయి. అప్పట్లో ఈ పడవెక్కిన దీపక్ చెప్పాడు, నన్ను మీ ఇంటికి పంపినవాడే. అంకుల్ ఇక్కడికొచ్చేసరికి కళ్లనీళ్లు పెట్టుకునేవారట కదా? వాళ్ల తాతగారు బియ్యం బస్తాతో ఈ మెట్ల మీదే జారిపడి, ఇంక లేవలేదట."

రమణమ్మకి ఆ సంగతి తెలియదు. ఇరవై తొమ్మిదేళ్లు కాపురం చేసింది. ఆయన కంట నీరు ఒక్కనాడూ చూడలేదు.

"నేను రెండోసారి అడగలేదమ్మా" అంది. "గిన్నెలు తోముకుంటూ ఒక్కసారి అడిగేదాన్ని. అవే నీళ్లనేవాడు. కాబోలనుకున్నాను."

టేపు ఆ మెట్ల గురించి ఏమీ చెప్పలేదు. పడవ మలుపు తిరిగేదాకా ఆమె మెడ తిప్పి అటే చూసింది.

సోమవారం మహతి తయారై చెప్పులు వేసుకునే వేళకి రమణమ్మ వంటగదిలో గోడవారన నిలబడి ఉంది.

"ఆంటీ, ఎదురు రండి."

"తప్పమ్మా. క్షేమంగా వెళ్లిరా."

"మా అమ్మా ఇంతే." మహతి గుమ్మంలోనే ఆగిపోయింది. "నా తొమ్మిదో ఏట నాన్న పోయారు. అప్పట్నుంచీ నా ప్రతి పరీక్షకీ అమ్మ తలుపు వెనకే. చెప్పుల చప్పుడు విని దణ్ణం పెట్టుకునేది. ఆవిడ మొహం చూసి వెళ్లుంటే ఇంకో పది మార్కులొచ్చేవి, ఆ దిక్కుమాలిన కంపెనీ పాలబడేదాన్ని కాదు." బ్యాగు కింద పెట్టేసింది. "మీరు రాకపోతే నేను కదలను."

"రేపేదైనా జరిగితే?"

"జరిగితే తిట్టుకోడానికి నాకో మనిషుంటుంది."

అప్పుడే వాన మొదలైంది. వంటగది కిటికీ బయట వెదురు గడల మీద ఆరేసిన దుప్పట్లు, చీరలు. కింది అంతస్తు చీనా ఆవిడ పైకి చూసి ఇక్కడి యాస ఇంగ్లీషులో అరుస్తోంది. "ఆంటీ! రెయిన్ లా! యువర్ క్లోత్స్!"

రమణమ్మ చెయ్యి గడ దాకా వెళ్లింది. అక్కడే ఆగింది. నాలుగు గడలూ లోపలికి లాగేసరికి ట్రైను వెళ్లిపోతుంది, వెళ్లకపోయినా తన ధైర్యం వెళ్లిపోతుంది. చెయ్యి వెనక్కి తీసుకుని చెంగుకి తుడుచుకుంది. మహతి పక్కనుంచి బయటికొచ్చి, వరండా చివర లిఫ్టు దాకా తల వంచుకుని నడిచింది. అక్కడ వెనక్కి తిరిగింది. తల ఎత్తి, ఆ పిల్లకి ఎదురు నడవసాగింది.

కింది ఆవిడ మళ్లీ అరిచింది. తడవనీ అనుకుంది రమణమ్మ.