మామ పట్టుకున్న తెర

మొన్న మా కుటుంబం గ్రూపులో ఎవరో ఒక వీడియో పంపారు. అబుదాబిలో మనవాళ్ళ ఉగాది వేడుకలో ఒక అమ్మాయి యక్షగానంలో రాణి వేషం కట్టి, పద్యం మధ్యలో ఆగి, ఫోను చూసుకుని మళ్ళీ అందుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం వంటింట్లో ఆ పద్యం ఆగిన చోటికే వీడియోను మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పాను.

రెండు వేల అయిదు ప్రాంతంలో, నాకు ఇరవై ఏళ్ళప్పుడు, నాన్న అబుదాబిలో ఆఫీసు ఉద్యోగి, అమ్మ తమ్ముడు ఆ ఊరి ఫ్యాక్టరీల పేట ముసఫ్ఫాలో వెల్డింగు పనివాడు. గల్ఫ్ రాకముందు మామ పదిహేనేళ్ళు కరీంనగర్ పల్లెల్లో యక్షగానం, మా వైపు మాటలో భాగోతం, ఆడాడు, అన్నీ ఆడవేషాలే. లేబర్ క్యాంపులో తోటివాళ్ళు "ఏం రాణీ, ఇయ్యాల ఏ రాజు కోసం?" అని ఎంత ఎగతాళి చేసినా, శుక్రవారం మా ఇంటికి మీసం నున్నగా గీసుకునే వచ్చేవాడు. వేషం ఎప్పుడు దొరుకుతుందో ఎవరికెరుక అనేవాడు.

ఆట కాగితం మీద పెట్టకూడదని వాళ్ళ మేళంలో గురువు కట్టడి. ఇక్కడి పనిలో పద్యాలు మరిచిపోతున్నానని భయపడి, ఆ కట్టడి దాటి, మామ నాకొక్కదానికే ఆటంతా చెప్పాడు. నలుగురిలో నోరు విప్పలేని నేను, కొంగు ఎక్కడ సర్దాలో కూడా వదలకుండా నా డైరీలో రాసుకున్నాను.

ఆ ఏడు ఉగాదికి ఆట వేద్దామని, రాణి వేషం మామదేనని చెప్పి నాన్న ఆ డైరీ తీసుకున్నాడు. నెల తిరగకుండానే వేషం తనే కడుతున్నాడని తెలిసింది.

"పెద్ద పెద్ద ముదీర్లు, కంపెనీ మేనేజర్లు వస్తరు, లేబరోన్ని ఎట్ల నిలబెడ్తం? ఉగాది కమిటీ ఒప్పలే," అన్నాడు నా వైపు చూడకుండా.

మామ మాత్రం, "తెర నేను పట్టుకుంట బావా, ఎప్పుడు దించాల్నో వాళ్ళకేం ఎరుక," అన్నాడు.

భాగోతంలో రాణి మొదటి పద్యం తెర వెనుక నుంచే వినిపించాలి. నాన్న రెండో పాదానికే ఆగిపోయాడు. మద్దెల ఒంటరిగా మోగుతుండగా, తెర అంచు పట్టుకున్న మామ ఆడగొంతుతో పద్యమంతా ఎత్తుకుని పూర్తిచేసి, తెర దించి పక్కకు తప్పుకున్నాడు. హాలంతా నాన్నకే చప్పట్లు. ముందు వరుసలో నేను తల వంచుకుని కూర్చున్నాను.

క్యాంపు బస్సెక్కేటప్పుడు మామ, "ఖలాస్ కోడలా, ఆట మంచిగైంది," అన్నాడు. ఆ తరువాత ఏ శుక్రవారమూ మా ఇంటికి రాలేదు.

నాన్న ఇప్పటికీ ఆ పద్యం తనే పాడానని చెబుతాడు. ఇప్పుడు ఆ వేదికల మీద ఎవరెక్కడ పనిచేస్తారని అడగరట. నేనూ పదిమందిలో మాట్లాడటం నేర్చుకున్నాను. "ఆ గొంతు మా మామది" అనడానికి నాలుగు మాటలు చాలు. అవి వినవలసిన మామే ఇప్పుడు బతికి లేడు.