ఆఖరి సైజు పిస్టన్లు

మా బాపుకు కొలత తీసే మైక్రోమీటరు మీది గీతలు కనిపించవని నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా.

పటాన్‌చెరులో బొంబాయి రోడ్డు పక్కన మాకొక రేకుల షెడ్డు ఉండేది. బాపు అందులో పాత కార్ల ఇంజన్లు విప్పి బాగుచేసేవాడు. చుట్టూ అప్పుడప్పుడే కార్ఖానాలు లేస్తున్నాయి. సంగారెడ్డి కళ్ళ డాక్టరు అద్దాలు మార్చి మార్చి, చివరికి ఇక మార్చేదేమీ లేదన్నాడు. తోడు వెళ్ళింది నేనే కనుక ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. అప్పటినుంచి కాలేజీ అయ్యాక టిఫిను డబ్బా ఇచ్చే వంకతో షెడ్డులోనే ఆగిపోయేదాన్ని. నూనె డబ్బాల వెనక కూచుని లైబ్రరీ పుస్తకం చదువుకునేదాన్ని. కొలత తీసే వేళకు బాపు దగ్గేవాడు. నేను లేచి నీళ్ళ చెంబు అందిస్తూ, అంకె చూసి మెల్లగా చెప్పేదాన్ని.

"ఏందన్నా, బిడ్డ రాంది పానా గూడ పడ్తలేవు?" అని పక్క షెడ్డు వెల్డరు ఎగతాళి చేసేవాడు.

"మరి నీళ్ళు నువ్వు తెచ్చిస్తవా?" అనేవాడు బాపు. ఆయన నవ్వుతుంటే నాకు భయం వేసేది.

ఒక వానాకాలం, సంగారెడ్డి బెల్లం సేటు తన చిన్న విలాయతీ కారును లారీకి కట్టి లాక్కొచ్చాడు. వాళ్ళ నాన్న కొన్న కారు. పొగే తప్ప పరుగు లేదు. ఇంజను విప్పితే నాలుగు సిలిండర్లూ అరిగి ఉన్నాయి. అరిగిన సిలిండరును మళ్ళీ గుండ్రంగా కోసి, ఆ వెడల్పుకు సరిపడే పెద్ద పిస్టన్లు వేయాలి. ఈ ఇంజనుకు అంతకుముందే ఎవరో ఇరవై సైజువి, అంటే అసలు కొలత కంటే అంగుళంలో ఇరవై వెయ్యో వంతులు పెద్దవి, వేశారు. ఇక మిగిలినవి ముప్పై, నలభై. నలభై దాటి కోస్తే గోడ పలుచబడిపోతుంది.

బాపు దగ్గాడు. నేను చెంబు తీసుకుని వెళ్ళాను. అన్నిట్లోకీ మూడోదే ఎక్కువ అరిగింది.

"ఇరవై ఎనిమిది," అన్నాను.

"మంచిగ సూడు."

"ఇరవై ఎనిమిదే బాపూ. నలభై వేస్తే భయముండదు గదా?"

"నలభై ఆఖరుది బిడ్డా. ఇప్పుడే అది ఏస్తే మల్ల విప్పేటోనికి ఏం మిగుల్తది? ఒక్క పక్కకే అరిగింది. కోత జెర ఆ పక్కకు జరిపి పెడ్త. ముప్పైకే సాఫ్ అయితది."

మళ్ళీ విప్పేది తనేనని ఆయన నమ్మకం.

పిస్టన్లు పట్నం నుంచి వచ్చాక వాటిని కొలిచి గానీ కోత మొదలుపెట్టేవాడు కాదు బాపు. పెట్టె మీద రాసిన అంకెను ఎన్నడూ నమ్మలేదు. ఆ అంకెలూ నేనే చదివాను. కోత కోసిన రోజు మాత్రం నాకు పరీక్ష. వచ్చేసరికి సేటు షెడ్డులోనే ఉన్నాడు.

"సాఫ్ అయింది సేటూ! ఏలు పెట్టి సూడు, అద్దం లెక్కున్నది," అంటున్నాడు బాపు. ఆయన ముఖంలో అంత వెలుగు చూసి చాలా కాలమైంది.

సేటు వేలు పెట్టలేదు. టార్చి వేశాడు.

"మేస్త్రీ, గీ నల్లది ఏంది?"

"ఏడ?"

"గీడనే. నీ ముంగట్నే."

నాకు గుమ్మం దగ్గరినుంచే కనిపించింది. తళతళలాడే ఇనుము మధ్య గోరంత నల్ల మచ్చ, కోత తగలని చోటు. బాపు వంగి, కళ్ళు చికిలించి, రెండో సిలిండరులోకి చూస్తున్నాడు. టార్చి వెలుగు మూడో దాంట్లో ఉంది.

"గది కాదు మేస్త్రీ. మూడోది," అన్నాడు సేటు. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. "నీకు కండ్లు..." అని, నావైపు చూసి ఆగిపోయాడు. పక్క షెడ్డులో సుత్తి చప్పుడు కూడా ఆగింది.

మర్నాడు లారీ వచ్చి ఆ ఇంజనును పట్నానికి తీసుకుపోయింది. ఆ తర్వాత మా షెడ్డు ముందు ఏ బండీ ఆగలేదు.

షెడ్డు వదిలేశాక బాపు అదే రోడ్డు మీది ఇస్నాపూర్‌లో మా ఇంటి ముందు మంచం మీదే పొద్దంతా కూచునేవాడు. రోడ్డు మీద పోయే బండ్ల మోత విని, దేనికేం బాధో చెప్పేవాడు. నేను పక్కన పుస్తకం తెరుచుకుని, ఒక్క అక్షరం చదవకుండా వినేదాన్ని. ఆయన మాట పడిపోవడానికి ముందు రోజు సాయంత్రం, ఆ చిన్న కారు సంగారెడ్డి వైపు పోయింది. నేను పోల్చుకోలేదు. బాపు తల ఎత్తి, దాని మోత దూరమయ్యేదాకా విన్నాడు.

"గదే బండి. సాఫ్ ఉన్నది మోత. నలభై ఏసిండ్రు బిడ్డా. ఇగ దాన్ని విప్పే పని లేదు."